ఎనిమిది చాపల మీద ఒకే గొంతు

"అమ్మాయ్, గుడ్డు ఉడికిందా అంటున్నాడు."

"ఉడుకుతోందని చెప్పండి అత్తయ్యా."

"ఉడుకుతోందటరా."

వంటగదికీ హాలుకీ మధ్య ఉన్నది పది అడుగులు. మూడు రోజులుగా ఆ పది అడుగులూ అత్తగారే తిరుగుతోంది. అటు మాట ఇటు, ఇటు మాట అటు. మొదటిరోజు ఆవిడకిది సరదాగానే ఉంది. రెండోరోజుకి మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఇవాళ కుర్చీ తెచ్చి సరిగ్గా గుమ్మంలో వేసుకుని కూర్చుంది, ఎటు తల తిప్పితే అటు మాట అందేలా.

"తువ్వాలు ఎక్కడుందంటున్నాడు."

"తీగమీద."

"తీగమీదటరా. కళ్ళు కనపడటం లేదా అని కూడా అంది."

"నేనలా అనలేదు అత్తయ్యా."

"నువ్వనలేదులే. నీ మొహం అంది."

ఇంకోరోజైతే ఆమె నవ్వేసేది. ఇవాళ గిన్నెలో నీళ్ళ బుడగలు చూస్తూ నిలబడింది.

"రేపు ఎన్నింటికి బయల్దేరాలంటున్నాడు."

పొయ్యి తగ్గిస్తున్న చెయ్యి ఆగింది.

"నేను బస్సులో వెళ్తానని చెప్పండి."

అత్తగారు ఈసారి అటు తల తిప్పలేదు. "ఇది నేను మొయ్యనమ్మా. గుడ్లూ తువ్వాళ్ళూ అయితే మోస్తాను. ఇది బరువెక్కువ."

మొయ్యాల్సిన పని లేకుండానే మాట హాల్లోకి చేరింది. కుర్చీ వెనక మాస్టారు వచ్చి నిలబడ్డాడు. ఊళ్ళో అతని దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళందరూ మాస్టారనే అంటారు. స్టీరింగు పట్టినవాళ్ళు గోడకి గుద్దబోయినా గొంతు పెంచడని పేరు. ఇప్పుడూ పెంచలేదు.

"రేపు నేను రావొద్దా?"

"మీ సంతకాలన్నీ అయిపోయాయి. రేపటి పని నా ఒంటితోనే."

"రెండుసార్లూ నేను బయట బెంచీమీద ఉన్నాను."

"రెండుసార్లూ పిండం నిలవలేదు కదా."

అత్తగారు చీర చెంగుతో కుర్చీ చెయ్యి తుడవడం మొదలుపెట్టింది. దానిమీద దుమ్మేమీ లేదు.

మాస్టారు ఆ తుడిచే చేతివైపు చూశాడు. తర్వాత, "ఆదివారం సంగతేనా ఇదంతా?" అన్నాడు.

ఆదివారం సంగతే. పిల్లలకోసం తిరిగే క్లినిక్ మేడమీద ఊపిరి క్లాసులో ఎనిమిది చాపల మీద ఎనిమిదిమంది ఆడవాళ్ళు వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాక, టీచరు స్పీకరు బొత్తాం నొక్కింది. ఎప్పుడూ వచ్చే పిల్లనగ్రోవి రాలేదు. "కంగారు లేదు. ముందు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకో" అంది ఒక మగగొంతు. తన మొగుడి గొంతు. తనకోసం చేసిన రికార్డింగు. అందులో తనని మాత్రమే పిలిచే పేరుతో సహా.

"పిట్టా, భుజాలు వదిలెయ్" అనగానే ఏడుగురు ఆడవాళ్ళు, తనకు తెలిసీ తెలియని ఏడుగురు, ఒక్కసారిగా భుజాలు వదిలేసిన చప్పుడు ఆమె విన్నది. ఎనిమిదో చాప ఖాళీ చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చేసింది.

"టీచరుకి ఎందుకిచ్చారు?" అంది ఇప్పుడు, మూడు రోజుల్లో మొదటిసారి అతని మొహంలోకి చూస్తూ.

"టీచరుకి నేనివ్వలేదు."

"మరి ఎవరికిచ్చారు?"

కింద వీధిలో హారను మోగింది. మోగి ఆగలేదు. ఎక్కడ నొక్కాలో తెలిసి, ఎప్పుడు వదలాలో తెలియని కొత్తవాళ్ళ హారను.

"ఎనిమిదింటి పాఠం" అన్నాడు మాస్టారు. "సాయంత్రం చెప్తాను."

"ఎవరికో ఇచ్చారన్నమాట."

అతను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. గుడ్డు గిన్నెలోనే ఉండిపోయింది. అత్తగారు దాన్ని తీసి, ఒలిచి, రెండుగా కోసి, ఇద్దరూ లేని బల్లమీద రెండు పళ్ళేల్లో పెట్టింది.

*

ఆమె పని చెవుల ఆస్పత్రిలో. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని కూతలు వినిపించడం. కూత వినపడగానే వాళ్ళు చేతిలో బొత్తాం నొక్కాలి. గది గోడలన్నీ మెత్తలే. తలుపు వేస్తే వీధి ఉండదు, ఆస్పత్రి ఉండదు, మన పళ్ళు ఆనిన చప్పుడు మనకే వినిపిస్తుంది.

వినపడకపోయినా నొక్కేవాళ్ళుంటారు, పరీక్షలో తప్పుతామేమోనని. వినపడినా నొక్కనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ కనురెప్పలు పట్టిస్తాయి. ఎనిమిదేళ్ళుగా ఆ రెప్పలు చూస్తోంది ఆమె.

రోజూ ఒంటిగంటకి, అందరూ భోజనాలకి వెళ్ళాక, ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాస్టారి గొంతు వినేది. పదకొండు నిమిషాలు. మూడు నెలలుగా ఒక్కరోజు తప్పలేదు.

ఈ సంగతి మాస్టారికి తెలియదు.

రెండోసారి కూడా నిలవలేదని తెలిసిన వారం ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. కప్పు పట్టుకుంటే టీ ఒలికేది. నిద్ర పట్టేది కాదు. ఎవరేది చెబితే అది చేసింది. అరికాళ్ళు నొక్కించుకుంది. మంచం పక్కన ఏదో పూల నూనె వాసన పెట్టుకుంటే మాస్టారికి తుమ్ములు పట్టుకున్నాయి. పొట్టలో ఇంజెక్షన్లకి భయపడి సూదుల వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన మోచేతులకీ మడమలకీ పద్నాలుగు సూదులు గుచ్చి కదలకుండా పడుకోమన్నాడు. "సూదులకి జడిసి వచ్చినదానికి మళ్ళీ సూదులేనా" అని అత్తగారు ఆశ్చర్యపోయింది. అయినా ఆ రాత్రి ఆమె నాలుగ్గంటలు నిద్రపోయింది. అదీ అబద్ధం కాదు.

ఆ రోజుల్లోనే మాస్టారు కారు ఆపుకుని, అద్దాలెత్తుకుని, అందులో కూర్చుని ఆ రికార్డింగు చేసుకొచ్చాడు. టీచరు క్లాసులో చెప్పే లెక్కలన్నీ ఆమెనడిగి రాసుకున్నాడు. కానీ మాటలు అతనివే.

"నాలుగు దాకా తీసుకో. నాలుగు దాకా బిగబట్టు. ఇప్పుడు మెల్లిగా వదులు, ఆరు దాకా. ఒక్కసారి వదలొద్దు, కుదుపొస్తుంది. కంగారు లేదు. నా కాలు కూడా బ్రేకుమీదే ఉంది."

మొదటిసారి విన్నప్పుడు అత్తగారు పక్కనే ఉంది. ఏడుపొచ్చేలా ఉందని ఆమె నవ్వేసింది. "నాకేమన్నా కారు నేర్పుతున్నారా? ఇది వింటే నాకు నిద్ర రాదు, నవ్వొస్తుంది" అంది. మాస్టారూ నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. విన్నావా అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగలేదు గనక ఆమె చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది.

ఇవాళ ఒంటిగంటకి ఆ గదిలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. "కంగారు లేదు" అన్నాడు మాస్టారు. ఆ మాట వెనక ఏడుగురి ఊపిరి వినపడింది. అవతల పక్క చాపమీద పడుకున్న నీలం జాకెట్టావిడ పెదవుల మీద చిరునవ్వు కనపడింది. హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించి టీచరుకి ఫోన్ చేసింది.

టీచరు ఒకప్పుడు ఆ క్లినిక్‌లోనే నర్సు. ఏదీ దాచిపెట్టే మనిషి కాదు.

"నాకు అల్లికలక్క పంపిందమ్మా. ఎవరో తెలిసినాయన గొంతని చెప్పింది. మీ ఆయనదని ఆదివారం నువ్వు లేచెళ్ళాకే తెలిసింది. ఆ రోజే తీసేశాను. తప్పు నాదే, అడగాల్సింది."

అల్లికలక్క. ఎప్పుడూ ఒళ్ళో ఊలు ఉంటుంది గనక క్లాసులో అందరూ పెట్టిన పేరు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. నాలుగోసారి నిలిచింది. ఇప్పుడు తొమ్మిదో వారం. అది తెలిసిన రోజు క్లాసులో అందరూ చప్పట్లు కొడితే ఆమె కూడా కొట్టింది, అరచేతులు మండేలా.

"టీచరుగారూ, ఒక మాట అడగనా. ఆవిడకి దానివల్లే నిలిచిందా?"

"దేనివల్ల?"

"ఆ గొంతు వినడంవల్ల."

"కాదమ్మా. ఈ ఊపిరి లెక్కలూ, ఈ సూదులూ, ఇవన్నీ మన దడ తగ్గించడానికి. రాత్రి కాస్త కన్ను మూతపడటానికి. పిండం నిలవడం వాటి చేతిలో లేదు. నువ్వు ప్రశాంతంగా ఉంటే నిలిచేదీ కాదు, కంగారుపడితే పోయేదీ కాదు. ఆ నేరం నీ నెత్తిన పెట్టుకోకు."

మంచి మాటలే. ఇంకోరోజైతే రాసి పెట్టుకునేది. ఇవాళ చెవిలోకి ఒక్క పేరే వెళ్ళింది. మూడింటికి సెలవడిగి బస్సెక్కింది.

*

రెండో అంతస్తులో, తలుపు ముందు పాత ఊలుతో అల్లిన పట్టా. తలుపు తీసిన అల్లికలక్క మొహం విప్పారింది.

"చెల్లీ, నువ్వా. రా రా. రేపే కదా నీది? నిన్నంతా నీ గురించే అనుకుంటున్నా."

అక్క మొహం పాలిపోయి ఉంది. కుర్చీ పక్కన బిస్కట్ల డబ్బా, దాని పక్కన గిన్నె. ఒళ్ళో ఉన్నది మాత్రం పెద్ద చొక్కా, మగవాళ్ళది. ఆమె చూపు దానిమీద పడటం అక్క గమనించింది.

"మా ఆయనకి. రైలు నడిపేచోట చలెక్కువట. చిన్న సైజు ఏదీ అల్లడం లేదు నేను. చెయ్యి రావడం లేదు. పన్నెండో వారం దాటనీ అనుకున్నా."

ఆ మాటకి మనసు కరగాలి. కరగబోతోందని తెలిసి ఆమె కూర్చోకుండా నిలబడే ఉంది.

"ఆ రికార్డింగు మీకెవరిచ్చారక్కా?"

అక్క సూదులు ఒళ్ళో పెట్టుకుంది.

"మాస్టారే. కారులో."

"కారులోనా?"

"మూడోసారి పోయాక కారు నేర్చుకోవడానికి చేరాను చెల్లీ. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండి. నాలుగు రోడ్ల దగ్గర ఒకరోజు బండి ఆగిపోయింది. వెనకనించి అందరూ హారన్లు. నాకు ఊపిరాడలేదు, స్టీరింగు పట్టుకుని ఏడ్చేశాను. ఏమైందని ఆయన అడగలేదు. నాలుగు లెక్కపెట్టి ఊపిరి తీసుకోండి అన్నారు. మర్నాడు ఇది ఫోనుకి పంపారు."

"మీరడిగారా?"

"అడగలేదు. ఆయనే, మా ఆవిడకోసం చేశాను, తను వినదు, ఊరికే పడి ఉంది, మీకైనా పనికొస్తుందేమో చూడండి అన్నారు."

ఊరికే పడి ఉంది.

"అందులో నా పేరుంది. అదైనా మీకు తోచలేదా?"

"పిట్ట అన్నదా? కత్తిరించడం ఆయనకి రాదన్నారు. ఆ ముక్క పట్టించుకోవద్దన్నారు." అక్క గొంతు తగ్గింది. "నిజం చెప్పనా? అదే నాకు బాగుండేది. నన్నెవరూ అలా పిలవలేదు. మా ఆయన మంచివాడే, ఏయ్ అంటాడు."

"క్లాసుకెందుకు పంపారు?"

"అందరికీ నిద్ర పడుతుందని. నీ మీద కుళ్ళుతోనా చెల్లీ?"

కుళ్ళు ఎవరిదో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆమె మాట మార్చింది.

"బ్రేకుమీద కాలుందని ఒక మాట ఉంటుంది అందులో."

అక్క నవ్వింది. "అదా. అది మాస్టారు రోజూ అనే మాటే. పక్కసీటు కింద ఆయనకి వేరే బ్రేకుంటుంది కదా. బండెక్కిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు అదే చెప్తారు. నీకు తెలీదా?"

తెలీదు. ఆమె ఎన్నడూ కారు నేర్చుకోలేదు. మొగుడి దగ్గర నేర్చుకుంటే కాపురం పాడవుతుందని నవ్వుతూ తప్పించుకుంది. మూడు నెలలుగా మెత్తటి గోడల మధ్య కూర్చుని, ఆ ఒక్క మాట తనకోసమే పుట్టిందనుకుంది. ఊళ్ళో లైసెన్సున్న ప్రతివాళ్ళూ దాన్ని వినే ఉన్నారు.

"తీసెయ్యండక్కా."

"ఏంటి?"

"మీ ఫోన్లోంచి. ఇప్పుడే. నా ముందు."

అక్క ఆమెవైపు చూసింది, ఇంకేదైనా అంటుందేమోనని. ఆమె అనలేదు. అక్క ఫోన్ తీసి, రెండుచోట్ల నొక్కి, తెర ఆమెవైపు తిప్పి చూపించింది. అక్క రెండో చెయ్యి ఊలుని నలిపేస్తోంది. ఆమె అది చూసింది. చూసి కూడా, "ఇంకెక్కడా లేదుగా" అని అడిగింది.

"లేదు చెల్లీ. వెళ్ళిపోయింది."

మెట్లు దిగుతుంటే గెలిచినట్టే అనిపించింది. బస్టాపు చేరేసరికి ఏం గెలిచిందో తెలియలేదు.

*

మాస్టారు ఆరున్నరకి ఇంటికొచ్చాడు. అత్తగారు పక్కింటికి వెళ్ళింది. వెళ్ళేముందు గుమ్మంలో కుర్చీని మాత్రం తీసి గోడకి ఆనించి పెట్టింది, ఇక మీ దారి మీదన్నట్టు.

"పొద్దున అడిగావుగా" అన్నాడు.

"చెప్పక్కర్లేదు. వెళ్ళొచ్చాను."

"ఎక్కడికి?"

"మీ శిష్యురాలింటికి. ఫోన్లోంచి తీయించాను."

మాస్టారు చొక్కా చేతులు మడుస్తున్నవాడు ఆగిపోయాడు. "ఎందుకలా చేశావు?"

"నాదిగా అది."

"నీదే. నీకోసమే చేశాను. నువ్వు నవ్వావు."

"నవ్వితే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారా?"

"నవ్వితే కాదు. వాడని మందుసీసా ఇంట్లో పెట్టుకుని పక్కవాళ్ళని దగ్గుతూ ఉండమనలేకపోయాను. నేను చేసిన పని ఒక్కటైనా ఎవరికైనా పనికొచ్చిందంటే..." అక్కడ ఆగాడు. "ఈ ఆరేళ్ళలో అన్నీ నీకే గుచ్చారు, నిన్నే కోశారు. నేను బెంచీమీద కూర్చున్నాను. నాకు తెలిసిన పని ఒకటే, పక్కన కూర్చుని కంగారు పడొద్దనడం. అదీ నీకు వద్దన్నావు."

ఇప్పుడు చెప్పాలి. రోజూ ఒంటిగంటకి విన్నానని ఒక్క మాట. నాలిక చివరిదాకా వచ్చింది. దానికి ముందు ఇంకోటి దూరి బయటపడింది.

"బ్రేకు మాట కూడా అందరికీ చెప్పేదేనట."

"అవును."

"నాకోసం వేరే మాటేదీ దొరకలేదన్నమాట."

"నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే మంచి మాట అది" అన్నాడు మాస్టారు. కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు, మెల్లిగా. "మంచిదే నీకు పెట్టాను."

బదులుకోసం ఆగలేదు. కారుమీద గుడ్డ కప్పి వస్తానని కిందికి వెళ్ళాడు. ఫోన్ బల్లమీదే మర్చిపోయాడు.

రెండు నిమిషాలకి అది మోగింది. తెరమీద పేరు లేదు, "పాఠం, రెండో బ్యాచి, ఊలు" అని ఉంది. ఆమె ఎత్తింది. ఎత్తేటప్పుడు మనసులో ఉన్నది మంచిదేమీ కాదు.

"సార్." అల్లికలక్క గొంతు దారంలా సన్నగా ఉంది. "సార్, రక్తం కనపడింది. ఆ మాటలు నా దగ్గర లేవు ఇప్పుడు. ఒక్కసారి చెప్తారా?"

ఆమె కుర్చీ పట్టుకుంది.

"అక్కా, నేను."

"చెల్లీ, సారీ. నేను ఆయనకి చెయ్యకూడదు. పెట్టేస్తాను."

"పెట్టకండి. క్లినిక్‌కి చేశారా?"

"చేశాను. కొంచెమే కదా, ఒక్కోసారి అవుతుంది, ఎక్కువైతే వెంటనే రండి, లేకపోతే పొద్దున ఎనిమిదింటికి స్కానింగుకి రమ్మన్నారు. పడుకున్నాను. కానీ గుండె దడ ఆగడం లేదు. మా ఆయన రైలు డ్యూటీలో ఉన్నాడు, తెల్లారేదాకా ఫోనెత్తడు. నువ్వొచ్చి వెళ్ళాక ఏడ్చాను కాసేపు. దానివల్లేనా చెల్లీ?"

"కాదు." ఈ మాట ఆమె ఎంత త్వరగా అందంటే తనకే వింతగా ఉంది. "ఏడిస్తే పోదు. టీచరే చెప్పింది, నేను ఇవాళే అడిగాను. మీరూ నేనూ చేసినదాంతో అయ్యేది కాదిది."

చెబుతూనే ఆ మాట తనకీ వర్తిస్తుందని తోచింది. రేపు ఏమైనా సరే.

"సార్ లేరా?"

కిటికీ తెరిచే ఉంది. కింద మాస్టారు కారుమీది గుడ్డ అంచులు టైర్ల కింద దోపుతున్నాడు. ఒక్క కేక వేస్తే మూడంగల్లో పైకొస్తాడు. వచ్చి ఈ ఫోన్ అందుకుని, ఆ గొంతుతో, ఈవిడకి, మొదటినించీ చివరిదాకా చెప్తాడు. నిజంగా, రికార్డింగు కాకుండా. తనకి ఎన్నడూ అలా ఎదురుగా చెప్పనేలేదు.

కేక వెయ్యలేదు. జాలితో కాదు. ఆ గొంతుని ఆ చెవికి ఇంకోసారి ఇవ్వడం ఆమెవల్ల కాలేదు.

"నేను చెప్తాను" అంది.

"నీకొచ్చా?"

"కళ్ళు మూసుకోండి. కంగారు లేదు. ముందు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి. ఒకటి. రెండు."

మాట వెనక మాట వచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దిగాలో, అన్నీ. మూడో నిమిషంలో దూరంగా పోతున్న లారీని పోనివ్వడానికి మాస్టారు కాస్త ఆగుతాడు. ఇక్కడ లారీ లేదు, ఆమె కూడా ఆగింది. "మెల్లిగా వదలండి, ఆరు దాకా. ఒక్కసారి వదలొద్దు, కుదుపొస్తుంది. కంగారు లేదు. నా కాలు కూడా బ్రేకుమీదే ఉంది." బ్రేకు ఏ కాలి కిందుంటుందో ఆమెకి తెలియదు.

గుమ్మంలో నీడ కదిలింది. మాస్టారు. ఎంతసేపటినించీ ఉన్నాడో. కుడిచేతికి దుమ్ము, ఆ చెయ్యి అలాగే గాల్లో. అతని పెదవులు ఆమె మాటలతోపాటు కదులుతున్నాయి, ఒక్క అక్షరం తేడా లేకుండా. తర్వాత ఆగిపోయాయి.

ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సింది అతని మొహం మీదుంది, చెప్పాల్సింది ఆమె నోట్లోంచి వస్తూనే ఉంది.

"చెల్లీ," అంది అక్క, ఊపిరి కాస్త నిదానించి. "అక్కడ ఒకటి వదిలేశావు."

"ఏది?"

"భుజాల దగ్గర. ఆయన పిట్టా అనేవారు."

మాస్టారు చూపు దించుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగింది. సున్నంలో వెంట్రుకంత పగులు, పైనించి స్విచ్చుదాకా. దాన్ని చూస్తూ నిలబడింది. అవతల ఒక మనిషి భుజాలు బిగబట్టుకుని ఎదురుచూస్తోంది.

"పిట్టా," అంది ఆమె. ఆ మాట తన నోట ఎప్పుడూ పలకలేదు, గట్టిగా వచ్చింది, పిలుపులా లేదు. మళ్ళీ అంది. "పిట్టా. భుజాలు వదిలెయ్. ఇప్పుడు తీసుకో, నాలుగు దాకా. బిగబట్టు."

వెనక మాస్టారు దగ్గరికొచ్చాడు. తాకలేదు.

"ఈ మూడు నెలలూ విన్నావా?" అన్నాడు గొణిగినట్టు.

ఆమె తల ఊపింది. ఫోన్‌ని అరచేత్తో మూసి, అక్కకి రక్తం కనపడిందనీ, పొద్దున ఎనిమిదింటికి స్కానింగనీ, ఆవిడ ఆయన రైలుమీదున్నాడనీ చెప్పింది.

"ఎనిమిదింటికి ఆవిడకి తోడెవరూ లేరు" అన్నాడు. "మనది తొమ్మిదింటికి. దారిలో ఎక్కించుకుందామా? నేను రావొచ్చంటేనే."

ఆమె అతనివైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, కోపం ఇంకా పోలేదు.

"ముందుసీటు నాది" అంది.

అతని మొహం చూడటానికి ఆగకుండా అరచెయ్యి తీసి ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతల ఏ చప్పుడూ లేదు. ఊపిరి కూడా లేదు. వదలమని తను ఇంకా చెప్పలేదు.